ఆగి ఆగి కొట్టే ఇంజిన్

డీజిల్ కారులో ఎడతెగకుండా వినిపించే కొట్టుడు కంటే, వచ్చి మాయమయ్యే కొట్టుడే యజమానిని ఎక్కువ వేధిస్తుంది. పొద్దున ఇంటి దగ్గర సెల్ఫ్ కొట్టగానే టకటకలాడిన బండి షెడ్డుకి చేరేసరికి బుద్ధిగా తిరుగుతుంటుంది. మెకానిక్ బానెట్ ఎత్తి, నాలుగుసార్లు రేజ్ చేసి, ఏమీ వినిపించక "సౌండ్ వచ్చినప్పుడు తీసుకురండి" అంటాడు. లేకపోతే "నాజిళ్లు మార్చి చూద్దాం" అంటాడు, అది ఇంకా ఖరీదైన దారి. ఈ రెండు మాటల వెనకా ఉన్నది ఒకటే నమ్మకం: ఎప్పుడూ ఉండే శబ్దానికి కారణం దొరుకుతుంది, వచ్చిపోయే శబ్దానికి దొరకదు. వాస్తవం దీనికి చాలావరకు విరుద్ధంగా ఉందని నా వాదన. ఆగకుండా కొట్టే ఇంజిన్ ఏదో పాడైందన్న ఒక్క సంగతే చెబుతుంది. ఆగి ఆగి కొట్టే ఇంజిన్ ఏం మారితే తాను కొడుతుందో, ఏం మారితే ఊరుకుంటుందో కూడా చెబుతుంది. వేడి, లోడు, స్పీడు, ఆయిల్ ఒత్తిడి, ట్యాంకులోని డీజిల్, కాలి కింది క్లచ్, ఏసీ స్విచ్చు, వీటిలో దేనితో పాటు శబ్దం మొదలై దేనితో పాటు ఆగుతుందో రాసిపెట్టుకుంటే, ఒక్క బోల్టు విప్పకముందే అనుమానితుల జాబితా బాగా చిన్నదైపోతుంది. ఇంత విలువైన సమాచారాన్ని "ఇప్పుడు రావట్లేదు కదా" అని పారేసుకుంటున్నాం.

ముందుగా డీజిల్ ఇంజిన్ అసలు ఎందుకు కొడుతుందో చూడాలి. పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు నిప్పు పెడుతుంది. డీజిల్‌లో ఆ ఏర్పాటు లేదు. పిస్టన్ గాలిని పదిహేడు పద్దెనిమిదో వంతుకు నొక్కేసరికి ఆ గాలి వేడి అయిదు వందల డిగ్రీల సెంటీగ్రేడు దాటిపోతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. అయితే చిమ్మిన క్షణానే అంటుకోదు. తుంపరలు ఆవిరి కావాలి, ఆవిరి గాలితో కలవాలి, రసాయన చర్య ఊపందుకోవాలి. ఈ జాప్యం ఇంజిన్ పరిస్థితిని బట్టి ఒక మిల్లీసెకను అటూ ఇటూగా ఉంటుంది. సెకనులో వెయ్యో వంతు కదా అనిపిస్తుంది గాని, 2000 ఆర్‌పీఎం మీద ఆ వెయ్యో వంతులోనే క్రాంక్ షాఫ్ట్ 12 డిగ్రీలు తిరిగిపోతుంది. అంతసేపూ నాజిల్ డీజిల్ చిమ్ముతూనే ఉంటే, మంట మొదలయ్యే వేళకు పోగుపడినదంతా ఒక్కపెట్టున భగ్గుమంటుంది. నిదానంగా పెరగాల్సిన ఒత్తిడి నిట్టనిలువుగా ఎగబాకుతుంది. ఆ దెబ్బకు హెడ్డు, సిలిండర్ గోడలు, బ్లాకు మోగుతాయి. బ్రిటిష్ ఇంజినీరు హారీ రికార్డో డీజిల్ దహనాన్ని మూడు దశలుగా విడదీసి చూపాడు: అంటుకునే ముందు జాప్యం, ఒక్కసారిగా మండడం, ఆ పైన చిమ్మే తీరును బట్టి మండడం. మొదటి దశ సాగిన కొద్దీ రెండో దశ మొరటుగా ఉంటుంది. పెట్రోలు నాకింగ్‌కు ఇది తలకిందుల వ్యవహారం. అక్కడ ఇంధనం తొందరపడి అంటుకోవడం జబ్బు, ఇక్కడ ఆలస్యంగా అంటుకోవడం జబ్బు. పెట్రోలుకు ఆక్టేన్, డీజిల్‌కు సీటేన్ అని వేరు వేరు కొలతలు ఉన్నది అందుకే. మన దేశంలో బీఎస్-6 డీజిల్‌కు సీటేన్ సంఖ్య కనీసం 51 ఉండాలి. కొత్త బంకులో ట్యాంకు నింపిన దగ్గర్నుంచీ కొట్టుడు మొదలై, మరో చోట నింపాక తగ్గితే, ఇంజిన్ విప్పే ముందు ఇంధనాన్ని అనుమానించడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఈ మొరటుదనాన్ని లొంగదీసింది కామన్ రైల్ పద్ధతి, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందించే ఏర్పాటు. ఫియట్ పరిశోధకులు దాన్ని అభివృద్ధి చేసి బాష్ కంపెనీకి అప్పగించాక, 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో అది ప్యాసింజర్ కార్ల మార్కెట్టులోకి వచ్చింది. మన రోడ్ల మీద దానికి ఎక్కువగా కనిపించే ఉదాహరణ 1248 సీసీల 1.3 మల్టీజెట్. 2003లో ఐరోపాలో పుట్టిన ఈ ఇంజిన్ మారుతి స్విఫ్ట్, డిజైర్, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో, ఇంకా ఎన్నో కార్లలో తిరిగి, 2020లో బీఎస్-6 నియమాలు వచ్చేసరికి మన మార్కెట్టు నుంచి తప్పుకుంది. కొత్త కార్లలో లేకపోయినా, దానితో నడిచే బండ్లు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంకా షెడ్లకు వస్తూనే ఉన్నాయి. ఈ తరం ఇంజిన్లలో అసలు మోతాదు కంటే ముందు పైలట్ అనే చిన్న మోతాదు చిమ్ముతారు. అది ఒకటి రెండు ఘన మిల్లీమీటర్లు, మామూలు నీటి చుక్కలో పాతికో వంతుకు మించదు. ఆ కాస్తా ముందే మండి సిలిండర్‌ను వెచ్చబెడితే, వెనక వచ్చే అసలు మోతాదు ఆలస్యం లేకుండా అంటుకుంటుంది. శబ్దం సగానికి సగం చచ్చిపోతుంది.

వచ్చిపోయే కొట్టుడుకి ఒక ముఖ్యమైన మూలం ఆ చిన్న మోతాదులోనే ఉంది. అంత తక్కువ డీజిల్ చిమ్మడానికి నాజిల్ సూది అతి కొద్దిసేపు, అతి కొద్దిగా లేస్తుంది. సూది చుట్టూ జిగురు పేరుకున్నా, లోపలి కవాటం కొంచెం అరిగినా, ఆ చిన్న కదలికే ముందు దెబ్బతింటుంది. ఒక ఉష్ణోగ్రతలో పైలట్ పడుతుంది, ఇంకో ఉష్ణోగ్రతలో పడదు. అసలు మోతాదు పెద్దది కాబట్టి దానికి ఏమీ కాదు. అందువల్ల పికప్ తగ్గదు, మైలేజీ తగ్గదు, పొగ పెద్దగా రాదు, శబ్దం ఒక్కటే వచ్చి పోతుంది. "బండి బాగా లాగుతోంది, నాజిళ్లకు ఏం కాలేదు" అన్న తీర్పు చాలామంది ఇస్తారు. లాగడం అసలు మోతాదుకు పరీక్ష, పైలట్‌కు పరీక్ష కాదు. అలాగని పైలట్ లేనప్పుడల్లా నాజిల్‌ను తప్పుపట్టకూడదు. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఎక్కువ స్పీడులోనూ ఎక్కువ లోడులోనూ పైలట్‌ను తనంతట తానే తగ్గిస్తుంది. బీఎస్-6 కార్లలో పొగగొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి నిండి దాన్ని కాల్చేటప్పుడు ఇంజక్షన్ క్రమాన్ని మార్చేస్తుంది. అప్పుడు ఇంజిన్ గొంతు మారుతుంది, ఐడిల్ స్పీడు పెరగవచ్చు, బండి ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లకోసారి ఓ పావుగంట పాటు ఇలా జరిగి ఆగిపోతే అది రోగం కాదు, ఆ ఇంజిన్ మామూలు పని.

వేడిని బట్టి చూస్తే అనుమానితులు రెండు ముఠాలుగా విడిపోతారు. చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడెక్కాక ఆగేవి ఒక ముఠా. ఆదిలాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజామున గాలి చల్లగా, సిలిండర్ గోడలు చల్లగా ఉంటాయి. అంటుకునే జాప్యం సాగుతుంది, దహనపు కొట్టుడు పెరుగుతుంది. గ్లో ప్లగ్గుల్లో ఒకటి పోతే ఆ సిలిండర్ ఒక్కటే కొన్ని నిమిషాలు గోల చేస్తుంది. కంప్రెషన్ కొంచెం తగ్గిన సిలిండర్ కూడా అంతే. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య సందు ఎక్కువైతే పిస్టన్ పక్కకు కొట్టుకునే శబ్దం చల్లటి ఇంజిన్‌లోనే స్పష్టంగా ఉంటుంది. అల్యూమినియం పిస్టన్ వేడికి వ్యాకోచించాక సందు పూడి శబ్దం అణుగుతుంది. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గలగలమని ఆగేది టైమింగ్ చైన్ కావచ్చు, దాన్ని బిగించే టెన్షనర్‌లోకి ఆయిల్ చేరేదాకా ఆ చప్పుడు. టాపెట్లది కూడా అలాంటి కథే, రాత్రంతా ఆయిల్ జారిపోయిన టాపెట్ మళ్లీ నిండేదాకా టిక్కుటిక్కుమంటుంది. రెండో ముఠా దీనికి ఎదురు: చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దం, అరగంట నడిచాక, ముఖ్యంగా మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు కొట్టుడు. వేడికి ఆయిల్ పల్చబడుతుంది, అరిగిన బేరింగులో ఉండాల్సిన ఆయిల్ పొర సన్నబడుతుంది, లోహం లోహానికి దగ్గరవుతుంది. పొద్దున వచ్చి పోయే శబ్దం చాలావరకు ఓపిక పట్టగలిగేది, మధ్యాహ్నం వచ్చే శబ్దం తొందరపెట్టేది. ఇది తిరుగులేని సూత్రం కాదు గాని, యజమాని రాసుకునే మొదటి వాక్యం ఇదే అయి ఉండాలి.

లోడు ఇంకో పెద్ద విభజన రేఖ. ఇక్కడ ఆధునిక డీజిల్ కారు మనకు ఖర్చులేని ప్రయోగం ఒకటి అందిస్తుంది. గేరులో, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఈసీయూ డీజిల్ చిమ్మడం మానేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. ఆ కాసేపు సిలిండర్లలో దహనం లేదు, కాబట్టి దహనపు కొట్టుడు ఉండే వీలు లేదు. పాదం ఎత్తిన క్షణాన శబ్దం కత్తిరించినట్టు ఆగి, మళ్లీ నొక్కిన క్షణాన మొదలైతే అనుమానం నాజిళ్ల మీదకు, ఇంధనం మీదకు, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ మీదకు మళ్లుతుంది. పాదం ఎత్తినా కొనసాగితే, లేదా ఎత్తిన ఆ మలుపులోనే పెరిగితే, కనెక్టింగ్ రాడ్ బేరింగు లాంటి యాంత్రికమైన సందుని ఆలోచించాలి. లోడు దిశ మారే వేళ ఆ సందు ఒకవైపు నుంచి మరోవైపుకు కొట్టుకుంటుంది. తిరుమల కొండకు వెళ్లి వచ్చే బండికి ఈ ప్రయోగం దానంతటదే జరిగిపోతుంది. ఎక్కేటప్పుడు పొడవునా లోడు, దిగేటప్పుడు తక్కువ గేరులో డీజిల్ లేని ప్రయాణం. ఎక్కుతూ కొట్టి, దిగుతూ ఊరుకున్న ఇంజిన్ గురించి ఒక్క మాట మెకానిక్‌కు చెబితే, అది అరగంట రేజ్ చేసి వినడం కంటే ఎక్కువ పని చేస్తుంది. లోడు తగ్గినప్పుడు బేరింగు శబ్దం కూడా కొంత తగ్గుతుంది కదా అని అడగవచ్చు. నిజమే. తేడా తగ్గే తీరులో ఉంది. దహనం మంటతో పాటు ఆరిపోతుంది, బేరింగు శబ్దం గొంతు మార్చుకుని మిగులుతుంది. ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు, వేడికి సంబంధించిన సాక్ష్యంతో కలిపి చదవాలి.

ఇంజిన్ కొడుతోందని వచ్చే ఫిర్యాదుల్లో ఇంజిన్‌ది కానివీ ఉంటాయి. ఐడిల్‌లో క్లచ్ నొక్కితే శబ్దం మారిపోతే గేర్‌బాక్సునో, రిలీజ్ బేరింగునో, కొన్ని కార్లలో ఉండే రెండు పళ్లేల ఫ్లైవీలునో చూడాలి. ఈ ఫ్లైవీలు అరిగితే ఇంజిన్ ఆపే క్షణాన పెద్ద దెబ్బ వినిపిస్తుంది. ఏసీ కంప్రెసర్ కలిసి విడిపోయే ప్రతిసారీ శబ్దం వచ్చి పోతుంటే వేసవి మొదలైనప్పటి నుంచే ఫిర్యాదు ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. క్రాంక్ పుల్లీలోని రబ్బరు ఊడినా, ఇంజిన్ మౌంటింగ్ చీలినా, అవి చేసే చప్పుడు బేరింగు పోయిందని భయపెట్టేంత లోతుగా ఉంటుంది. నాజిల్ ఉండే ఇంజెక్టర్ కింది రాగి వాషర్ దగ్గర గాలి తన్నుతుంటే చఫ్‌చఫ్‌మనే శబ్దంతో పాటు దాని చుట్టూ తారులాంటి నల్లటి పొర కడుతుంది. డీజిల్ ఫిల్టర్ మార్చిన మర్నాటి నుంచి మొదలైన కొట్టుడుకి పైపుల్లో గాలి పట్టిందేమో చూడడం మొదటి పని.

ఇంతవరకు 'ఎప్పుడు' గురించే చెప్పాను, 'ఎక్కడ' గురించి కాదు. దానికి కారణం ఉంది. స్క్రూ డ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కి, రెండో కొస చెవికి ఆనించి వినే పద్ధతి మంచిదే, స్టెతస్కోపు ఇంకా మంచిది. కానీ ఇనుములో ధ్వని సెకనుకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో పోతుంది. అర మీటరు పొడవు కూడా లేని బ్లాకును అది దాదాపు పదివేలో వంతు సెకనులో దాటేస్తుంది. మొదటి సిలిండర్లో పడ్డ దెబ్బ నాలుగో సిలిండర్ దగ్గర ఆనించిన చెవికీ అప్పుడే చేరుతుంది. పైగా గట్టిగా మోగేది దెబ్బ తగిలిన చోటు కానక్కర్లేదు, పల్చటి రేకుతో చేసిన ఆయిల్ సంపో, పైన ఉన్న మూతో ఎక్కువ మోగుతుంది. చోటు మోసగించినట్టుగా లయ మోసగించదు. 850 ఆర్‌పీఎం ఐడిల్‌లో క్రాంక్ సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారే మండుతుంది, క్యామ్ షాఫ్ట్ సగం వేగంతోనే తిరుగుతుంది. అంటే ఒక్క సిలిండర్ దహనం గానీ, ఒక్క టాపెట్ గానీ, క్యామ్‌తో నడిచే వ్యాక్యూమ్ పంపు గానీ సెకనుకు 7 దెబ్బలు కొడతాయి. క్రాంక్ పుల్లీ లాంటిది 14 కొడుతుంది. నాలుగు సిలిండర్లూ కలిసి 28. ఏడు దెబ్బలను చెవి లెక్కపెట్టలేదు, కానీ జేబులోని ఫోన్‌తో పది సెకన్లు రికార్డు చేసి, నెమ్మదిగా వింటే లేదా అలల బొమ్మగా చూస్తే లెక్క తేలిపోతుంది. రాడ్ బేరింగు ఒక్కోసారి ఒక చుట్టులో బలంగా, మరుసటి చుట్టులో మెల్లగా కొట్టి ఈ లెక్కను తికమక పెడుతుంది, ఎందుకంటే పిస్టన్ పైకొస వద్ద దిశ మార్చుకున్న ప్రతిసారీ సందు కదులుతుంది. ఆ బలం, మెత్తదనం వంతులవారీగా రావడం కూడా బొమ్మలో కనిపిస్తుంది. ఆర్‌పీఎం పెరిగినా మారని లయ ఇంజిన్‌ది కాదు. బండి స్పీడుతోనే మారే లయ చక్రాల వైపుది.

స్కానర్ పెడితే అన్నీ తెలిసిపోతాయి కదా, ఈ చాదస్తం ఎందుకు అన్నది చాలామందికి తట్టే అభ్యంతరం. స్కానర్‌ను నేను తక్కువ చేయను, దాన్ని సగమే వాడుకుంటున్నామన్నదే నా ఫిర్యాదు. చాలా డీజిల్ ఇంజిన్లకు చెవి లేదు. రెనో 1.5 డీసీఐ ఇంజిన్ మీద డెల్ఫీ పద్ధతిలో బ్లాకుకు ఒక కంపన సెన్సర్ బిగించి, దానితో ఒక్కో ఇంజెక్టర్ కనీస మోతాదును ఈసీయూ నేర్చుకునేలా చేశారు. అన్ని ఇంజిన్లలోనూ ఆ ఏర్పాటు ఉండదు. బేరింగు అరిగిందనో, పుల్లీ రబ్బరు ఊడిందనో ఏ కోడూ రాదు. "కోడ్ లేదు కాబట్టి సమస్య లేదు" అన్నది అందుకే చెల్లదు. స్కానర్‌లో నిజంగా పనికొచ్చేది వేరే పేజీలో ఉంటుంది. ఐడిల్‌లో ఇంజిన్ సమంగా తిరిగేందుకు ఈసీయూ ప్రతి దహనం తర్వాత క్రాంక్ ఎంత వేగం పుంజుకుందో చూసి, వెనకబడ్డ సిలిండర్‌కు కొంచెం ఎక్కువ, ముందున్నదానికి కొంచెం తక్కువ డీజిల్ ఇస్తుంది. ఆ సవరణ అంకెలు తెర మీద కనిపిస్తాయి. కొట్టుడు వచ్చిన క్షణాన రెండో సిలిండర్ అంకె గంతేసి, కొట్టుడు ఆగగానే వెనక్కి వస్తే అది దహనపు సమస్యే, ఆ సిలిండర్‌దే. శబ్దం హోరెత్తుతున్నా నాలుగు అంకెలూ కదలకుండా ఉంటే దహనం వైపు వెతకడం తగ్గించాలి. ఇంకా నిర్ధారణ కావాలంటే అనుమానం ఉన్న ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడొచ్చు. కొత్త వాషర్లు వేసి, దాని కోడును కంప్యూటర్‌లో తిరిగి రాయాలి. రోగం ఇంజెక్టర్‌తో పాటు మారితే ఇంజెక్టర్‌ది, అక్కడే ఉండిపోతే సిలిండర్‌ది. పాత డీజిల్ బండ్లలో చేసినట్టు ఇంజిన్ తిరుగుతుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసే అలవాటు మాత్రం కామన్ రైల్ దగ్గరకు రానివ్వకూడదు. ఐడిల్‌లోనే అక్కడ రెండు మూడు వందల బార్‌ల ఒత్తిడి ఉంటుంది, లోడులో 1600 దాకా పోయే ఇంజిన్లున్నాయి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న పోటులా కనిపించే ఆ గాయానికి వెంటనే శస్త్రచికిత్స అవసరమవుతుంది, ఆలస్యమైతే వేలు, చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఒక్కో సిలిండర్‌ను ఆపి చూసే పని స్కానరే సురక్షితంగా చేస్తుంది.

అనుభవం ఉన్న మెకానిక్ చెవి చాలదా అన్నది రెండో అభ్యంతరం. వేల ఇంజిన్లు విన్న చెవి పట్ల నాకు గౌరవం ఉంది, కానీ ఆ చెవి శబ్దం ఉన్నప్పుడే పని చేస్తుంది. శబ్దం లేని గంటలకు సాక్షి బండి నడిపేవాడొక్కడే. వైద్యంలోనూ ఇలాంటిదే జరిగింది. 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూడడానికి ఎన్నో తరాల ముందే, వైద్యులు చలిజ్వరాన్ని అది వచ్చే వ్యవధిని బట్టి రకాలుగా విడదీశారు. రోజు విడిచి రోజు వచ్చేది ఒకటి, రెండు రోజులు విడిచి వచ్చేది మరొకటి. ఆ విభజన తర్వాతి సూక్ష్మదర్శినికీ నిలబడింది, అవి నిజంగానే వేరు వేరు జీవులు. జ్వరం లేని రోజులను లెక్కలోకి తీసుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది. డ్రైవర్ రాసే అయిదారు వాక్యాలు మెకానిక్ నైపుణ్యానికి పోటీ కావు, అవి లేకపోతే ఆ నైపుణ్యానికి పని చేసే వస్తువే ఉండదు.

మూడో అభ్యంతరం బరువైనది. నోటుపుస్తకం రాసుకుంటూ కూర్చుంటే, అది బేరింగు అయితే ఇంజిన్ మొత్తం పోదా? పోతుంది. విడిపోయిన రాడ్ బ్లాకును చీల్చుకుని బయటకు రాగలదు. అందుకే పరిశీలన మొదలుపెట్టే ముందు ఒక వడపోత తప్పనిసరి. డిప్ స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడాలి. తగ్గితే ఎంత అపాయమో, పెరిగినా అంతే అపాయం. చిన్న చిన్న ప్రయాణాలతో డీపీఎఫ్ శుద్ధి మధ్యలో ఆగిపోతున్న బండ్లలో అదనంగా చిమ్మిన డీజిల్ ఆయిల్‌లోకి దిగి మట్టం పెంచుతుంది, ఆయిల్‌ను పల్చన చేస్తుంది, వేడి మీద బేరింగులను మోగిస్తుంది. ఆయిల్ లైటు వెలగడం లేదన్న ధీమా చాలదు, చాలా కార్లలో ఆ లైటు ఒత్తిడి అర బార్ దరిదాపులకు పడిపోయేదాకా వెలగదు. గేజి బిగించి వేడి ఇంజిన్ మీద ఒత్తిడి కొలవడం చిన్న పని. ఆయిల్ ఫిల్టర్ కోసి కాగితం మడతలు వెలుతురులో చూస్తే మెరుపులు కనిపిస్తాయి. రాగి రంగు కనిపిస్తే బేరింగు పైపూత అరిగి లోపలి పొర బయటపడిందని అర్థం కావచ్చు. వేడి మీద, లోడుతో పాటు లోతుగా పెరిగే ధబ్‌ధబ్ శబ్దం, తక్కువ ఒత్తిడి, లోహపు రజను, వీటిలో ఏ ఒక్కటి తగిలినా ఇంజిన్ ఆపి బండిని లాక్కుపోవాలి. అక్కడ పరిశీలనకు వ్యవధి లేదు. ఇవేవీ లేకపోతే వారం పది రోజుల పరిశీలన ఇంజిన్‌కు సాధారణంగా హాని చేయదు.

భాగాలు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం కూడా ఒక పద్ధతే కదా, ఎప్పుడో ఒకప్పుడు శబ్దం ఆగుతుంది అని సమర్థించేవారు ఉన్నారు. వచ్చిపోయే శబ్దం విషయంలో ఆ పద్ధతి ఘోరంగా విఫలమయ్యేది ఇక్కడే. ఏమీ చేయకపోయినా ఆగే శబ్దం ఇది. ఆగినప్పుడు చివరగా మార్చిన భాగానికి ఘనత దక్కుతుంది. లెక్క చూద్దాం. కొట్టుడు సగటున పది స్టార్టుల్లో ఒకసారి వస్తోందనుకోండి. నాజిల్ మార్చాక అయిదు స్టార్టుల పాటు నిశ్శబ్దంగా ఉంది. అసలు ఏమీ బాగుపడకపోయినా, వరుసగా అయిదుసార్లు రాకుండా ఉండే అవకాశం 59 శాతం. పది స్టార్టుల నిశ్శబ్దమైనా 35 శాతం యాదృచ్ఛికమే. ఆ అవకాశం అయిదు శాతం లోపుకు పడిపోవాలంటే సుమారు 30 స్టార్టులు చూడాలి. రెండు రోజులు బాగుంది కాబట్టి బాగుపడింది అని వేలు, లక్ష దాటిన బిల్లులు కట్టేస్తున్నాం. ముప్పయి స్టార్టులు ఎవరు లెక్కపెడతారు, ఇది ఆచరణలో కుదిరే పనేనా అంటే, పరిస్థితి ముందే తెలిసి ఉంటే అన్ని అక్కర్లేదు. రాత్రంతా ఆగిన బండి, చల్లటి ఇంజిన్, ఏసీ ఆఫ్, మొదటి రెండు నిమిషాల ఐడిల్, ఈ పరిస్థితిలో పదికి తొమ్మిదిసార్లు కొడుతుందని మరమ్మతుకు ముందే రాసిపెట్టుకున్నవారికి, మరమ్మతు తర్వాత అదే పరిస్థితిలో రెండు ఉదయాల నిశ్శబ్దం చాలు. అది యాదృచ్ఛికమయ్యే అవకాశం నూటికి ఒకటి. తీసేసిన పాత నాజిల్‌ను కూడా వదిలేయకుండా పంపు నాజిల్ షాపులో టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలి. అక్కడ ఫుల్ లోడు మోతాదు, ఐడిల్ మోతాదు, పైలట్ మోతాదు విడివిడిగా కొలుస్తారు. పైలట్ దగ్గర అది తప్పితే మార్పిడి సరైనదేనని తేలినట్టు. అన్ని చోట్లా సరిగ్గా చిమ్మితే కొత్త నాజిల్ చేసిన మేలేమీ లేదు, మర్నాడు పొద్దున చల్లటి స్టార్టుకు ఫోన్ రికార్డర్ ఆన్ చేసి వెతుకులాట మళ్లీ మొదలుపెట్టాలి.